మొన లేని చాకు

నా చొక్కా జేబులో ఎప్పుడూ ఒక మడత చాకు ఉంటుంది. మూసి ఉంటే నా చిటికెన వేలికంటే కాస్త పొడుగు, అంతే. మందుల షాపు నడుపుకునేవాడికి చాకెందుకని అడగనివాళ్లు బెజవాడ పటమటలో లేరు. అడిగిన మనిషిని బట్టి నా జవాబు మారుతూ ఉంటుంది. కుర్రాళ్లకైతే, కృష్ణకి వరదొచ్చినప్పుడు బ్యారేజీ గేట్లకి అడ్డంపడ్డ పడవ తాడు నేనే కోశానని చెబుతాను. ఆడవాళ్లకైతే, కాలవ గట్టు మీద తాటి ముంజలు చెక్కుతుంటే కొండచిలువ వచ్చి పక్కన కూర్చుందని, మొహమాటపడి దానికీ సగం కోసిచ్చానని చెబుతాను. పోలీసాయన అడిగితే మాత్రం "జామకాయలకండీ" అంటాను. ఉన్నవాటిలో అదొక్కటే కాస్త నిజం.

అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. నేను నిజం చెబితే నమ్మేవాళ్లు తక్కువ. పైగా ఈ సంగతి చెప్పేటప్పుడు నా గొంతు నా మాట వినదు. కాగితం మీదైతే గొంతుతో పనిలేదు గనక రాస్తున్నాను.

మా చిన్నాన్న బస్సు డ్రైవరు. హనుమాన్ జంక్షన్ దగ్గర హైవే దిగి, కాలవ పక్కనే లోపలికి పోతే వచ్చే ఊరు మాది. కథలు అల్లడం నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే. ఒకసారి బ్రేకులు పోయిన బస్సుని, ప్రయాణికులందరి చేతా పాట పాడించి, ఆ రాగానికి ఇంజను నిద్రపోయేట్టు చేసి ఆపానని చెప్పాడు. పిన్ని చాటలో బియ్యం ఏరుకుంటూ తలెత్తకుండానే, "పాటకి కూడా టిక్కెట్టు కొట్టారా?" అంది. వాళ్లిద్దరి సంసారం అలా సాగింది. ఆయన చెప్పడం, ఆవిడ నమ్మకపోవడం, అయినా చివరిదాకా వినడం.

డ్యూటీ దిగి వచ్చాక చిన్నాన్న అరుగు మీద కూర్చుని కుడిచెయ్యి చాచేవాడు. స్టీరింగు పట్టి పట్టి వేళ్లు కొక్కేల్లా వంగిపోయి ఉండేవి. పిన్ని ఒక్కొక్క వేలే విప్పి, నొక్కి, చాపేది. రిటైరయ్యాక, బస్సు మొహం చూడని రోజుల్లో కూడా, సాయంత్రమయ్యేసరికి ఆ చెయ్యి దానంతటదే ముందుకొచ్చేది. పిన్ని ఏ పనిలో ఉన్నా వదిలేసి వచ్చి కూర్చునేది. వాళ్లు ఒకరికొకరు ప్రేమగా ఏదైనా మాట చెప్పుకోవడం నేను వినలేదు. ఈ వేళ్లు నొక్కడం మాత్రం చూశాను.

చిన్నాన్న బెజవాడ ఆసుపత్రిలో పోయాడు. తెల్లబట్టలో చుట్టి పంపించారు. చేతులు పక్కకి జారిపోకుండా గుండెల మీద చేర్చి, మణికట్ల దగ్గర గాజుగుడ్డతో కట్టారు. అది ఎక్కడైనా చేసేదే. కాకపోతే సమాధి చేసే పెట్టె మూసేముందు ఆ కట్లు తీసేయాలి. మనిషిని కట్టేసి పంపకూడదని మావాళ్లలో పట్టింపు. ఇంటి దగ్గర ఐసు పెట్టెలో, పూలదండల కింద, దుప్పటి కింద ఆ కట్టు ఎవరికీ కనపడలేదు. మగవాళ్లేమో ఆడవాళ్లు తీసి ఉంటారనుకున్నారు. ఆడవాళ్లేమో మగవాళ్లు తీసి ఉంటారనుకున్నారు.

సమాధుల తోట ఊరికి దూరంగా కాలవ అవతల ఉంటుంది. అక్కడ ఆఖరి చూపుకి దుప్పటి తీసినప్పుడు పిన్ని చూసింది.

"చేతులు కట్టేసి ఉన్నాయేంట్రా?"

మగవాళ్లు ఆడవాళ్ల వైపు, ఆడవాళ్లు మగవాళ్ల వైపు చూశారు.

"విప్పండి. ఒక్కసారి చెయ్యి పట్టుకుంటాను."

ఐసు నీళ్లకి తడిసి ముడి రాయిలా బిగుసుకుపోయింది. నేను గోళ్లతో ప్రయత్నించాను. వాళ్లబ్బాయి, అంటే నా తమ్ముడు, కళ్లనిండా నీళ్లతో ముడి కనపడక వదిలేశాడు. "బ్లేడుందా? ఎవరి దగ్గరైనా బ్లేడుందా?" అని వెనక ఎవరో కేక వేశారు. అంతమంది మగవాళ్లం తెల్ల చొక్కాల జేబులు తడుముకున్నాం. ఫోన్లు, చేతిరుమాళ్లు, కీర్తనల పుస్తకాలు. రోజంతా షాపులో కత్తెర పట్టుకుని మాత్రల అట్టలు కత్తిరించే నా జేబులో, తాళంచెవి తప్ప ఏమీ లేదు. ఆ తాళంచెవితోనే ముడిని పొడిచి చూశాను. ఈలోగా గడ్డి కోయడానికి తెచ్చిన కొడవలి ఒకరు అందించారు. దానికి బురద, గడ్డి పరకలు అంటుకుని ఉన్నాయి.

పిన్ని తన అరచెయ్యి ఆయన మణికట్ల మీద కప్పేసింది. "వద్దు. ఆ కొడవలి ఆయన మీద పెట్టొద్దు."

వాన మొదలైంది. పాస్టరుగారు గొడుగు పిన్ని మీదికి జరిపి, "అమ్మగారూ, గుంటలోకి నీళ్లు దిగుతున్నాయండీ" అన్నారు మెల్లగా. పిన్ని ఆ ముడిని ఒకసారి వేలితో తడిమింది. తర్వాత చెయ్యి తీసేసింది. పెట్టె మూశారు.

ఆ తర్వాత ఇంటికొచ్చి పలకరించినవాళ్లెవరితోనూ ఆ మాట ఎత్తలేదు ఆవిడ. జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక అయిపోయి, షామియానా వాళ్లు కుర్చీలు లారీకెత్తుతుంటే, నన్ను వంటింటి గుమ్మంలోకి పిలిచింది.

"మీ చిన్నాన్నని కట్టేసి పంపించాం రా."

లారీ చప్పుడుకి వినపడదని ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"నన్నట్టా పంపకండి. నా కట్టు నువ్వు కొయ్యాలి. మంచి చాకొకటి కొనుక్కుని జేబులో ఉంచుకో."

"తమ్ముడున్నాడుగా పిన్నీ?"

"వాడు ఏడుస్తాడు. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని కత్తి పట్టుకోకూడదు. నువ్వయితే లోపల ఏదో ఒక అబద్ధం చెప్పుకుని నిలబడతావు."

నా గురించి అంత నికరంగా ఎవరూ చెప్పలేదు.

అలా మొదలైంది చాకు కోసం నా వెతుకులాట. ముందు హనుమాన్ జంక్షన్‌లో బస్సులు ఆగే చోట, కీచైన్లూ కళ్లజోళ్లూ అమ్మే బల్ల మీద ఒకటి దొరికింది. నల్లటి పిడి, దాని మీద పుర్రె బొమ్మ, మీట నొక్కితే టప్పున తెరుచుకునే ఆకు, అంటే కోసే రేకు. ఊరికి తీసుకెళ్లి పిన్ని చేతికివ్వబోయాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కింద పెట్టు. కత్తి చేతికిస్తారా ఎవరైనా? నాకూ నీకూ గొడవలెందుకు?"

అరుగు మీద పెట్టాను. ఆవిడ తీసుకుని మీట నొక్కింది. టప్పుమన్న చప్పుడుకి గడప దగ్గరున్న కోడి ఎగిరి పెరట్లో పడింది.

"ఇది చూస్తే పోయినవాళ్లు కూడా లేచి పారిపోతార్రా. అంతమంది ఏడుస్తుంటే మధ్యలో ఈ చప్పుడేంటి? నిదానంగా తెరుచుకునేది తే."

అది తిరిగిచ్చేశాను. ఈసారి ఆన్‌లైన్‌లో రోజులతరబడి వెతికి, విదేశాల్లో చేసింది, మంచి ఉక్కుది తెప్పించాను. పెట్టె తెరిస్తే మెత్తటి గుడ్డలో పడుకుని ఉంది, పురిట్లో బిడ్డలా. ఎంత పోశానో మా ఆవిడకి ఇప్పటికీ తెలియదు. పోతుందేమోనన్న భయంతో దాన్ని బీరువాలో పెట్టాను. ఆదివారం ఊరెళ్లగానే పిన్ని నా చొక్కా జేబు తట్టి చూసింది.

"ఏది?"

"బీరువాలో ఉంది పిన్నీ. ఖరీదైంది. భద్రంగా ఉంటుందని."

"చావు నా దగ్గరికి వచ్చుద్దా, మీ బీరువా దగ్గరికి వచ్చుద్దా?"

నేను తలకాయ గోక్కుంటుంటే ఆవిడ గొంతు తగ్గించింది. "ఇంకోటి విను. కట్టు కోసిన చాకు మళ్లీ ఇంటికి తేకూడదు. నాతోపాటే మట్టిలో వదిలెయ్యాలి. ఖరీదైందయితే ఆ టయానికి నీ చెయ్యి ఆడదు. అక్కడ నించుని ఆలోచిస్తావ్."

"ఇది బైబిల్లో ఎక్కడుంది పిన్నీ?"

"పాస్టరయ్యగారితో అనకు."

నేను నవ్వాను గానీ, రాత్రి బస్సులో తిరిగొస్తూ నన్ను నేను ఆ గుంట పక్కన నిలబెట్టి చూసుకున్నాను. ఆవిడ చెప్పింది నిజమే. అంత ఖరీదైన ఉక్కుని మట్టిలో వేసే ముందు నా చెయ్యి ఒక్క క్షణమైనా ఆగుతుంది. ఆ క్షణం కూడా ఉండకూడదని ఆవిడ కోరిక. చౌక చాకు కొనమనడం పిసినారితనం కాదని అప్పుడు అర్థమైంది. ఆ విదేశీ చాకు మా బావమరిది చేపలు కోసుకోవడానికి తీసుకెళ్లాడు. ఇవాళ్టికీ తిరిగివ్వలేదు.

వన్‌టౌన్‌లో ఇనుప సామాన్ల కొట్లన్నీ తిరిగాను. ఇత్తడి పిడితో ఒకటి చూడముచ్చటగా దొరికింది. చవకే. చప్పుడు లేదు. ఇక దొరికినట్టే అనుకున్నాను. పిన్ని దాన్ని నా జేబులో వేసి, "వంగు" అంది.

"ఎక్కడికి?"

"పెట్టె మీదికి వంగినట్టు వంగరా."

వంగాను. జేబు కిందికి సాగి, చాకు జారి టంగున గచ్చు మీద పడింది.

"చూశావా. అందరూ చూస్తుండగా నా మొహం మీద పడేస్తావు. ఆ తర్వాత ఊళ్లో నా చావు గురించి చెప్పుకోరు, నీ చాకు గురించి చెప్పుకుంటారు."

బరువు లేనిది కావాలన్నమాట. బరువైతే జేబులోంచి జారుతుంది. బరువైతే ఏదో ఒకరోజు విసుగొచ్చి తీసి బల్ల మీద పెట్టేస్తాం, సరిగ్గా ఆ రోజే కబురొస్తుంది. ఈ రెండో సంగతి నాకు తోచింది. పిన్నికి చెబితే మొదటిసారి మెచ్చుకోలుగా తలూపింది.

చివరికి దొరికింది బీసెంట్ రోడ్డులో, గొడుగులు బాగుచేసే మనిషి పక్కన, పేవ్‌మెంటు మీద. ఆకుపచ్చ ప్లాస్టిక్ పిడి, మూడు వేళ్ల వెడల్పంత పొడవున్న తుప్పుపట్టని ఆకు, గోరు పెట్టి లాగడానికి చిన్న గాడి. తెరిచేటప్పుడు తలుపు గొళ్లెం తీసినంత చప్పుడు కూడా లేదు. బిగించి పట్టుకునే లాకు ఉండదు, దానంతటది స్ప్రింగు మీద నిలబడుతుంది. గట్టి కర్రని కోయాలంటే మడతపడి వేళ్లు తెగుతాయి గానీ, గుడ్డనీ దారాన్నీ కోయడానికి అది చాలు. జేబులో వేసుకుంటే ఉందో లేదో తెలియదు. పిడి చివర దారం కట్టుకునే కన్నం కూడా ఉంది. ఖరీదంటారా, ఇద్దరు మనుషులు హోటల్లో టిఫిను చేసినంత.

పిన్ని దాన్ని అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో మొన తడిమింది.

"ఇది గుచ్చుకుంటుంది రా."

"పోయినవాళ్లకి నొప్పేంటి పిన్నీ?"

"చూసేవాళ్లకి రా."

నేను దాన్ని పటమటలో సాన పట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. సైకిలు స్టాండు వేసి, పెడలు తొక్కుతూ చక్రం తిప్పే మనిషి. మొన గుండ్రంగా అరగదీయమంటే ఆయన పెడలు ఆపేశాడు.

"అందరూ మొన పెట్టమంటారు. మీరు తీసెయ్యమంటారేంటండీ?"

"మా పిన్ని మహా కోపిష్టిదండీ. ఇంట్లో మొనున్నవన్నీ తీయించేస్తున్నాం. నిన్ననే దబ్బనం కూడా అరగదీశాం."

ఆయన జాలిగా చూసి, జాగ్రత్తగా మొన తీసేసి ఇచ్చాడు.

ఆ ఆదివారం భోజనాలయ్యాక పిన్ని తలుపు దగ్గరికేసి, పొడుగు దిండు ఒకటి మంచం మీద పడుకోబెట్టింది. నా షాపులోంచి తెచ్చిన గాజుగుడ్డ దాని నడుముకి చుట్టి, నీళ్లు చల్లి, ముడి మీద ముడి వేసింది. "కొయ్యి. దిండుకి గాటు పడకూడదు."

గుడ్డ కిందికి వేలు దూర్చి, వేలికీ కట్టుకీ మధ్య చాకు పెట్టి, పదును పైకి తిప్పి లాగాను. తెగింది. "మళ్లీ" అంది. మళ్లీ కట్టింది, మళ్లీ కోశాను. ఈసారి పాత చీర పేలికతో. అప్పుడే తమ్ముడి భార్య కాఫీలు పట్టుకుని తలుపు తోసింది. మంచం మీద కట్టేసిన దిండు, దాని మీదికి వంగి చాకుతో నేను, పక్కన ఊపిరి బిగబట్టి వాళ్లత్తగారు.

"ఏంటి బావగారూ ఇది?"

"ఆపరేషనమ్మా. అపెండిసైటిసు. బతుకుతుందన్న ఆశ లేదు."

పిన్ని పకపకా నవ్వింది. చిన్నాన్న పోయాక ఆవిడ నవ్వు నేను వినడం అదే మొదటిసారి. నవ్వుతూ నవ్వుతూనే కోడలికి మొత్తం చెప్పేసింది. ఆ పిల్ల కాఫీ గ్లాసులు కిటికీలో పెట్టి, తెగిన గాజుగుడ్డ ముక్కలన్నీ ఏరి, మడతపెట్టి తీసుకెళ్లిపోయింది.

అప్పట్నుంచీ ఊరెళ్లిన ప్రతిసారీ పిన్ని నా ఆరోగ్యం అడిగేముందు నా జేబు తడిమేది. ఆకుపచ్చ పిడి తగిలితే, "ఆఁ, కూర్చో" అనేది. పళ్లు కదిలిపోయాక జామకాయ కొరకలేకపోయేది. నేను ఆ చాకుతోనే పల్చగా చెక్కి అరుగు మీద పళ్లెంలో పెట్టేవాణ్ణి. తింటూ ఏదో ఒకటి చెప్పమనేది. కొండచిలువ కథ మొదట ఆవిడకి చెప్పిందే. "దానికి ఉప్పుకారం వెయ్యకపోయావా?" అని అడిగింది.

పిన్ని ఒక మధ్యాహ్నం, అన్నం తిని ఒరిగిన మనిషి ఒరిగినట్టే పోయింది. కబురొచ్చేటప్పటికి నేను షాపులో ఉన్నాను. ముందు జేబు తడుముకున్నాను. ఉంది.

నేను వెళ్లేసరికి స్నానం చేయించి, తెల్లచీర కట్టి పెట్టారు. తమ్ముడు గోడకి ఆనుకుని కూర్చుని ఏడుస్తున్నాడు, ఆవిడ చెప్పినట్టే. చూస్తే, పిన్ని చేతులు ఒంటికి రెండు పక్కలా విడివిడిగా ఉన్నాయి. కట్లు లేవు. కాలి వేళ్లకి కూడా లేవు. తమ్ముడి భార్య నా పక్కకొచ్చింది.

"ఎవర్నీ కట్టనివ్వలేదు బావగారూ. పెద్దవాళ్లు కేకలేశారు. నేను ఊరుకోలేదు."

"మంచి పని చేశావమ్మా" అన్నాను.

అన్నానే గానీ చెయ్యి జేబు మీదికి పోయి ఆగిపోయింది. ఇంతకాలం మోశాను. ఎప్పుడు కబురొచ్చినా ఈ ఒక్క పని నా చేతిమీదుగా జరగాలని ఆవిడ అడిగింది. ఇప్పుడు కోయడానికి ఏమీ లేదు. ఆ పిల్ల నా మొహం చూసింది. చూసి లోపలికెళ్లి, కుట్టుమిషను డబ్బాలోంచి తెల్లదారం తెచ్చింది. పిన్ని చేతులు రెండూ తీసి గుండెల మీద చేర్చి, మణికట్ల చుట్టూ ఒక్క పోగు తిప్పి, వదులుగా ముడి వేసింది.

"ఇదేంటమ్మా?"

"కొయ్యమందిగా మిమ్మల్ని. కొయ్యటానికి ఏదోటి ఉండాలిగా."

చుట్టూ ఉన్న ముసలమ్మలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఇందాకటిదాకా కట్టమని కేకలేసినవాళ్లు, కట్టనివ్వని పిల్లే ఇప్పుడు కడుతుంటే బుగ్గలు నొక్కుకున్నారు.

కాలవ అవతల, చిన్నాన్న పక్కనే తవ్వారు. ఆరోజు వాన లేదు. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు నా వైపు చూసి ఒక అడుగు వెనక్కి వేశారు. ఆయనకి ఎవరు చెప్పారో నాకు తెలియదు. నేను చాకు తీసి తెరిచాను. పెట్టె మీదికి వంగాను. జేబులోంచి ఏదీ జారలేదు. దిండు మీద నేర్చుకున్నట్టే వేలు దూర్చాను. పిన్ని మణికట్టు చల్లగా తగిలింది. ఇది దిండు, ఇది దిండు, అపెండిసైటిసు అని లోపల అనుకుంటున్నాను. ఊదితే తెగే పోగది. మొన లేని ఆకు ఆనీ ఆనకముందే తెగిపోయింది. కుడిచెయ్యి కొంచెం పక్కకి జారి, అరచెయ్యి పైకి తిరిగింది. తమ్ముడు వచ్చి ఆ వేళ్లు పట్టుకున్నాడు. ఎంతసేపు పట్టుకున్నా ఎవరూ తొందరపెట్టలేదు.

పెట్టె దించాక అందరూ తలా పిడికెడు మట్టి వేశారు. నేను చాకు మడిచి, మట్టితో కలిపి పిడికిట్లో పట్టుకుని వదిలేశాను. నా చెయ్యి ఆగలేదు. పాస్టరుగారు ఆ సమయానికి కాలవ వైపు చూస్తున్నారు.

కొన్నాళ్లు ఖాళీ జేబుతో తిరిగాను. జేబు తడిమేవాళ్లు లేరు గనక ఫర్వాలేదనుకున్నాను. తర్వాత ఒకరోజు ఊరెళితే, తమ్ముడి భార్య అరుగు మీద జామకాయల పళ్లెం పెట్టి, నా జేబు వైపు చూసి, "చాకు కొనుక్కోలేదా బావగారూ?" అంది. నేను జవాబు చెప్పేలోపు తలొంచుకుని, "మీ తమ్ముడికీ ఏడుపెక్కువే, పిల్లలకీ ఎక్కువే" అంది.

మర్నాడు బీసెంట్ రోడ్డుకి వెళ్లాను. అదే పేవ్‌మెంటు, అదే రకం, ఈసారి పిడి ఎర్రది. పటమటలో సాన పట్టే ఆయన సైకిలు దగ్గరికి తీసుకెళితే గుర్తుపట్టాడు.

"మళ్లీ మొన తీసెయ్యాలా అండీ? మీ పిన్నిగారి కోపం ఇంకా తగ్గలేదా?"

"తగ్గిందండీ" అన్నాను.

తగ్గితే మొన తీయించడం ఎందుకని అడుగుతాడేమోనని ఒక కథ కోసం వెతుక్కున్నాను. దొరకలేదు. ఆయనా అడగలేదు. నా మొహం ఒకసారి చూసి, చాకు తీసుకుని పెడలు తొక్కడం మొదలుపెట్టాడు.